కదలని సైకిల్‌కు నిమ్మకాయ

అక్టోబర్ 5, 2003

నిన్న ఆయుధ పూజకు కృష్ణగిరి వెళ్లాం, మరిది కుమారేశన్ ఇంటికి. నేను రానని చెబుదామనుకున్నాను. చెబితే ఓర్వలేక రాలేదంటారు. అందుకని అందరికన్నా ముందు తయారై కూర్చున్నాను.

హాల్లో కొత్త సైకిల్ ఉంది. ఎక్సర్‌సైజ్ సైకిల్. మరిదికి పొట్ట పెరిగిందని బెంగళూరు నుంచి తెప్పించారట. ఎర్రగా, కంటికి కొట్టినట్టు ఉంది. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది. పగలంతా మామిడి మండీలో కూర్చుని పొట్ట పెంచడం, సాయంత్రం ఇంట్లో కూర్చుని దాన్ని కరిగించడం. డబ్బున్న వాళ్లకు రెండు పనులూ కూర్చునే అవుతాయి.

మా ఇంట్లో ఉండే మా అత్త అంగాళమ్మ కూడా మాతో వచ్చింది. ఆమె స్కూటర్‌కు, మిక్సీకి, గ్రైండర్‌కు బొట్లు పెట్టి ఆ సైకిల్ ముందుకు వచ్చి ఆగిపోయింది. కొత్త బండి అన్నాక చక్రం కింద నిమ్మకాయ నలగాలి. దీని చక్రం నేలకు తగలదు. వద్దులే అత్తా అంటే వినలేదు, నలక్కపోతే పూజ పూజే కాదట. చివరికి కుంకుమ పూసిన నిమ్మకాయను పెడల్ పక్కన, చైన్ కవర్ సందులో పెట్టి మరిదిని తొక్కమంది. ఆయన ఒక్క తొక్కు తొక్కాడు. నిమ్మకాయ మాయం. సోఫా కింద వెతికారు, చాప ఎత్తి చూశారు, యాడా లేదు. అందరూ ఒకటే నవ్వు.

అముద మా ఆయన వైపు తిరిగి, "బావా, నువ్వు మోటార్లు విప్పేవాడివి గదా, యాడికి పోయిందో చెప్పు" అంది. ఆయన కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. మా ఇంట్లో ఆయన అట్లా నవ్వి ఎంత కాలమైందో నాకు గుర్తు లేదు.

అముద నా తోడికోడలు అని ఊరికి తెలుసు. అంతకు ముందే మా అత్తకు అన్న కూతురు. మేనరికం ప్రకారం పెద్దకొడుక్కి, అంటే మా ఆయనకు ఇవ్వాల్సిన పిల్ల. ఈయన కావేరిపట్టణంలో మా నాన్న తోటకు మోటారు రిపేరుకు వచ్చి నన్ను చూసి, ఎత్తుకుని తిప్పిన పిల్లను నేను చేసుకోలేనని ఇంట్లో చెప్పేశాడు. అముదను తర్వాత చిన్నకొడుక్కి చేశారు. ఇదంతా ముగిసిపోయి పదిహేనేళ్లు దాటింది. నేనేమీ మనసులో పెట్టుకోలేదు.

అక్టోబర్ 6

పూజ రోజు అముద కట్టుకున్న చీర ఆమెకు బాగుంది. అంతే. బాగుంటే బాగుందనాలి గదా.

నవంబర్ 20

చాలా రోజులు రాయలేదు. రాయడానికి చేతులు రాలేదు.

ఉద్దనపల్లిలో బోరు మోటారు పైకి లాగుతుంటే చైను తెగి పైపు జారింది. ఈయన ఎడమ మోకాలి మీద పడింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మాకు కట్టు వేశారు. మాకు అని రాశాను. ఆయనకే వేశారు. ఆయన పడుకుంటే ఇల్లంతా పడుకున్నట్టు ఉంది.

ఆసుపత్రికి అముద రోజూ వచ్చింది. కృష్ణగిరి నుంచి హోసూరుకు, రాగి ముద్ద, కోడి చారు క్యారియర్లో కట్టుకుని. నేను చేసిన ఇడ్లీ రెండు తిని చాలన్నాడు. ఆమె తెచ్చిన ముద్ద మొత్తం తిన్నాడు. మంచిదే, బలం రావాలి గదా.

డిసెంబర్ 27

కట్టు విప్పారు. కాలు కట్టెలా ఉంది, వంగదు. డాక్టర్ గట్టిగా చెప్పాడు: ఇప్పుడే వంచాలి, రోజూ పొద్దునా సాయంత్రం కూర్చుని తొక్కే సైకిల్ తొక్కాలి, ఈ రెండు మూడు నెలలు పోనిస్తే మోకాలు అట్లాగే బిగుసుకుపోతుంది, తర్వాత నేనేమీ చేయలేను అన్నాడు.

మోటారు వైండింగ్ అంటే నేల మీద బాసింపట్టు వేసుకుని, మోటారును తొడల మధ్య పెట్టుకుని, రాగి తీగ ఒక్కొక్క చుట్టూ చుట్టే పని. మోకాలు వంగకపోతే ఆయనకు షాపు లేదు. షాపు లేకపోతే ఆయన ఆయన కాదు. ఇంటికి వచ్చాక గోడకు ఆనుకుని కూర్చుని ఆ కాలునే చూస్తూ ఉన్నాడు.

డిసెంబర్ 28

పొద్దున్నే అముద ఫోన్. ఆయన స్నానంలో ఉన్నాడు, నేనే తీశాను.

"అక్కా, డాక్టరు సైకిల్ తొక్కమన్నాడంట గదా. మాది ఉత్తగా ఉండాది, ఈయన నెల రోజులు తొక్కి వదిలేసినాడు. రేపు టెంపోలో పంపిస్తాను."

డాక్టర్ నిన్న మధ్యాహ్నం చెప్పిన మాట ఆమెకు ఎట్లా తెలిసింది? ఈయన చెప్పాడు. నేను మందుల షాపుకు వెళ్లినప్పుడు ఫోన్ చేసి ఉంటాడు.

"వద్దులే అముదా, మేము బుక్ చేసేసినాము. కొత్తది వస్తాది" అన్నాను.

నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. వచ్చింది. ఆమె సరే అక్కా అంది. ఈయన బయటికి వచ్చి ఫోన్ ఎవరని అడిగితే రాంగ్ నంబర్ అన్నాను.

డిసెంబర్ 29

ఒక సైకిల్ కొనడం ఏమంత పెద్ద పని.

జనవరి 3, 2004

పెద్ద పనే.

హోసూరు బస్టాండ్ దగ్గర స్పోర్ట్స్ షాపుకు వెళ్లాను. ఏసీ వేసి ఉంచారు. అమ్మాయి ఒకటి చూపించి ధర చెప్పింది. నేను విననట్టు నటించి ఇంకొకటి అడిగాను. అది ఇంకా ఎక్కువ. తక్కువలో ఏముందమ్మా అంటే, పెడల్ మాత్రమే ఉండే చిన్న స్టాండ్ చూపించింది. కుర్చీలో కూర్చుని కాళ్లు ఆడించాలట. దాన్ని తెచ్చి హాల్లో పెడితే అముద వచ్చి చూసి ఏమనుకుంటుంది? మార్చిలో కొండ మీది చంద్రచూడేశ్వరుడి తేరు ఉత్సవం. తేరుకు వాళ్లు ప్రతి ఏడూ మా ఇంటికే వస్తారు.

కాలు నయం కావడం ముఖ్యం, అది నాకు తెలుసు. చూసేవాళ్లకు కూడా ఏదో ఒకటి కనిపించాలి గదా.

జనవరి 9

టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఒక ఉత్తరాది ఆఫీసర్ బదిలీ మీద పోతూ సామాన్లు అమ్ముతున్నాడని, సైకిల్ కూడా ఉందని పక్కింటామె చెప్పింది. ఆటోలో పరిగెత్తాను. అరగంట ముందే ఎవరో తీసుకుపోయారు. వాకిట్లో ఇంకా టెంపో చక్రాల గుర్తులు ఉన్నాయి. ఆ ఇంటామె జాలిపడి ఒక ఇస్త్రీ పెట్టె తీసుకోమంది. సైకిల్ కోసం పోయి ఇస్త్రీ పెట్టెతో ఇంటికి వచ్చాను.

ఈయన చూసి, "దీన్ని తొక్కితే కాలు వంగుతాదా?" అన్నాడు. ప్రమాదం తర్వాత ఆయన వేసిన మొదటి జోక్. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకే బాధగా ఉంది.

జనవరి 13

రాయకోట రోడ్డులో వెల్డింగ్ షాపు శేషప్ప ఉన్నాడు. పాత అట్లాస్ సైకిల్ ఇస్తే వెనక చక్రం లేపి స్టాండ్ వెల్డ్ చేసి ఇస్తానన్నాడు. మా నాన్న సైకిల్ ఉంది, ఇచ్చాను.

జనవరి 15

శేషప్ప చేసింది చూశాను. ఎక్కితే ఊగుతుంది. పడితే రెండో మోకాలు కూడా పోతుంది. తిరిగి మామూలు సైకిల్ చేసి ఇవ్వమన్నాను. అది ఇప్పుడు సైకిల్ కూడా కాదు.

జనవరి 18

కృష్ణగిరి వెళ్లాల్సి వచ్చింది. మరిది పిల్ల మధుమితకు పుట్టినరోజు. ఆ ఎర్ర సైకిల్ మీద తుండుగుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఈయన దాన్ని చూసిన చూపు నేను చూడలేదనుకున్నాడు.

అముద గబగబా గుడ్డలు తీసి, సీటు కిందకు దించి, "ఎక్కు బావా" అంది. సీటు దించడం అంటే కింద మరను లాగి, పిడికిలితో ఒక గుద్దు గుద్దాలి. చూడకుండానే చేసింది. ఆయన ఎక్కాడు. మొదట అర చుట్టు, నొప్పికి పళ్లు కొరికాడు. వెనక్కి, ముందుకి. తర్వాత పూర్తి చుట్టు. టక్. ఇంకొక చుట్టు, టక్. ప్రతి చుట్టుకూ ఒక టక్. తుండుగుడ్డలు ఆరేసుకునే సైకిల్‌కు ఆర్భాటం వేరే.

"బావకు వంగుతా ఉండాది అత్తా, చూడు" అని అముద చిన్నపిల్లలా మా అత్తను పిలిచింది. మా అత్త కళ్లు తుడుచుకుంది. నేను నిలబడే ఉన్నాను. నా మొగుడి మోకాలు నా కళ్ల ముందే, ఇంకొక ఆమె ఇంట్లో వంగింది.

తిరిగి వచ్చేటప్పుడు అముద గుమ్మం దాకా వచ్చి, బుక్ చేసింది ఇంకా రాలేదా అక్కా అని మెల్లగా అడిగింది. ఆయన వినే దూరంలో ఉన్నాడు. బెంగళూరు నుంచి రావాలి, లారీ దొరకలేదంట అన్నాను. ఆయన నా వైపు చూశాడు. బస్సులో కూడా ఏమీ అడగలేదు. అడిగి ఉంటే గొడవ పడి ఉండేదాన్ని. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

జనవరి 19

పొరుగింటి పుల్లకూర రుచి.

జనవరి 24

డాక్టర్ కొలిచాడు. ఇంకా చాలా తక్కువ వంగుతోంది అన్నాడు. ఇంట్లో సైకిల్ తొక్కుతున్నారా అని అడిగితే ఈయన నా వైపు చూడకుండా, లేదు సార్ అన్నాడు. డాక్టర్ నన్ను చూశాడు. ఎందుకమ్మా ఇంత ఆలస్యం, కాలు పోగొట్టుకోవాలని ఉందా అని నలుగురిలో అడిగాడు.

ఇంటికి వచ్చి ఫోన్ దగ్గర నిలబడ్డాను. అముద నంబర్ నాకు నోటికి వస్తుంది. రిసీవర్ ఎత్తాను. ఏమని చెప్పాలి? బుక్ చేయలేదు, అబద్ధం చెప్పాను, నీ సైకిల్ పంపు అనా? పెట్టేశాను.

నేను చెడ్డదాన్ని కాదు. ఆ ఒక్క మాట నోటి నుంచి రాదు, అంతే.

జనవరి 27

భోజనం దగ్గర ఈయన ఉన్నట్టుండి, కుందారపల్లిలో హైవే పక్కన అంకప్ప అని పాత సామాన్లు అమ్ముతాడంట, బెంగళూరు ఇళ్లలో పాతవి తెచ్చి పెడతాడంట, చూసి రా అన్నాడు. ఇన్నేళ్లలో ఈయన ఒక అంగడి పేరు నాకు చెప్పింది ఇదే మొదటిసారి. మంచం మీద పడితే మగవాళ్లకు ఇంటి సంగతులు పడతాయి కాబోలు.

జనవరి 29

దొరికింది! దొరికింది!

కుందారపల్లిలో బస్సు దిగగానే కనిపించింది ఆ అంగడి. పాత ఫ్రిజ్‌లు, ఇనుప బీరువాల మధ్య సైకిల్. నీలం రంగు, ఇప్పుడే వేసినట్టు మెరుస్తోంది. ముట్టుకుంటే చేతికి కొంచెం అంటింది కూడా. సీటు బాగుంది. చక్రం బాగుంది.

నేను ఎంత బేరం ఆడాలో బస్సులోనే లెక్క వేసుకుని వెళ్లాను. అంకప్ప ధర చెప్పాడు, నేను సగానికి అడిగాను. సరే అన్నాడు. నేనే నమ్మలేకపోయాను. ఇంకొంచెం తగ్గించాలేమో అని నేను తటపటాయిస్తుంటే, "ఇంగా తగ్గించమంటావా అమ్మా?" అని అతనే తగ్గించాడు. టెంపో కూడా తానే మాట్లాడాడు. నా ముఖం చూసి బేరం తెలిసిన మనిషి అని భయపడి ఉంటాడు. కావేరిపట్టణం సంతలో మా నాన్న పక్కన కూర్చుని పెరిగినదాన్ని నేను.

సాయంత్రం ఆయన చూసి బాగుందన్నాడు. అంతే అన్నాడు. ఇంకొంచెం సంతోషపడొచ్చు.

జనవరి 30

మా అత్తను కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ పెట్టమన్నాను. అక్కడ చేసినట్టే. ఆమె సైకిల్ వైపు చూసి, "దీనికి వద్దులేమ్మా, ఒక తూరి చేసింది చాలు" అంది.

ఒక తూరి! అంటే అన్న కూతురి సైకిల్‌కు చేసింది చాలు, కొడుకు ఎక్కే సైకిల్‌కు అక్కర్లేదు. ఎంత చేసినా నేను బయటి పిల్లనే. నోరు మూసుకుని నేనే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి హ్యాండిల్‌కు కట్టాను.

తర్వాత అముదకు ఫోన్ చేశాను. మాది వచ్చేసిందమ్మా, నీలం రంగు, చాలా మంచిది అన్నాను. ఆమె చాలా సంతోషపడింది. మీది ఎట్లుంది అని అడిగాను, ఊరికే. మాది ఇచ్చేసినాము అక్కా అంది. ఎవరికి అంటే, కావల్సినవాళ్లకి అంది.

ఇప్పుడు వాళ్ల దగ్గర లేదు, మా దగ్గర ఉంది. ఇట్లా రాయకూడదు. కానీ ఈ రోజు అన్నం బాగా తిన్నాను.

ఫిబ్రవరి 4

తొక్కితే టక్ అంటోంది. పాతది కదా, ఆ మాత్రం ఉంటుంది. ఇట్లాంటి సైకిళ్లన్నీ ఇట్లాగే అంటాయేమో.

ఫిబ్రవరి 5

సీటు దించాలంటే రాలేదు. మరను లాగి గుద్దితే వచ్చింది. పాతవన్నీ అంతే.

ఫిబ్రవరి 11

పొద్దునా సాయంత్రం తొక్కుతున్నాడు. నొప్పికి చెమటలు పట్టినా ఆపడు. టక్, టక్ అని హాల్లోంచి వినిపిస్తుంటే నేను వంటింట్లో పని చేస్తూ ఉంటాను. ఆ శబ్దం ఆగితే కంగారు పడి తొంగి చూస్తాను.

డాక్టర్ ఈసారి నవ్వాడు.

ఫిబ్రవరి 16

ఈయన ఈ రోజు నేల మీద కూర్చున్నాడు. బాసింపట్టు కాదు, ఎడమ కాలు సగం మడిచి. ఒక ఫ్యాన్ మోటారు ముందేసుకుని తీగ చుట్టాడు. నేను కాఫీ ఇచ్చి అక్కడే కూర్చున్నాను. నా సైకిల్ వల్లే గదా అన్నాను. అవును నళినీ, నీ సైకిలే అన్నాడు. ఆ మాట అంటూ తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 20

తేరుకు వాళ్లు రాబోతున్నారు. అముద వచ్చి ఎక్కి, టక్ అంటే, పాత సైకిలా అక్కా అంటుంది. అందుకని ఈయన షాపుకు పోయినప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చి చైన్ కవర్ విప్పాను. నేను మోటారు మెకానిక్ పెళ్లాన్ని, స్క్రూలు విప్పడం నాకు తెలుసు.

కవర్ లోపలి వైపు ఎర్ర రంగు. నీలం బయట మాత్రమే. ఎవరికైనా ఎర్ర సైకిల్ ఉండొచ్చు గదా అనుకున్నాను.

అడుగున, చైన్ చక్రానికి తగిలేట్టు ఒక నల్లటి ఉండ ఇరుక్కుని ఉంది. గీకితే వచ్చింది. ఎండి, నలిగి, రేగుపండంత అయింది. చిటికెలో పట్టుకుని వెలుతురులో చూశాను. ఒక పక్క ఇంకా కుంకుమ అంటి ఉంది.

కూర్చునే సైకిల్‌లో నిమ్మకాయ పెట్టే మనిషి ఈ జిల్లాలో ఒక్కతే ఉంది. ఆమె పెరట్లో కూర్చుని పితికిన పప్పు కోసం అనపకాయలు ఒలుస్తోంది. వెళ్లి అరచేతిలో పెట్టి చూపించాను. తల ఎత్తకుండానే, "దాన్ని తీయకూడదమ్మా, పూజ చేసినది" అంది. తర్వాత తల ఎత్తి నా ముఖం చూసింది. అనపకాయలు పక్కన పెట్టింది.

అంతా ఆమే చెప్పింది. డాక్టర్ నలుగురిలో అన్న రోజు ఈయన షాపు చూసి వస్తానని పోయి, అక్కడి నుంచి అముదకు ఫోన్ చేశాడు. బుక్ చేసింది ఏమీ లేదని చెప్పాడు. అముద తానే సైకిల్ తెచ్చి పెడతానంటే ఈయన వద్దన్నాడు. అప్పుడు అముదకే తట్టిందట, మనది అంటే అక్క ముట్టదు, అంకప్ప అంగట్లో పెడితే తీసుకుంటాది అని. రంగు వేయించింది అముద. కుందారపల్లికి పంపింది అముద. నేను ఇచ్చిన డబ్బు ఆ రంగుకూ, టెంపోకూ సరిపోయిందట.

నా బేరం కూడా ఆమె పెట్టిన భిక్షే. అంకప్పకు ముందే చెప్పి ఉంచారు, ఎంత అడిగితే అంతకు ఇచ్చేయమని. ఇంకా తగ్గించమంటావా అమ్మా అన్నాడు గదా. ఆ రోజు రాసింది ఇప్పుడు చదివితే ఆ పేజీ చింపేయాలనిపించింది. చింపలేదు.

"నాకెందుకు చెప్పలేదు అత్తా?" అన్నాను.

"చెప్తే నువ్వు తొక్కనీవు. వాని కాలు పోతాది" అంది. కోపంగా కాదు, బియ్యంలో రాళ్లు ఉన్నాయి అన్నట్టు, ఉన్న మాట అన్నట్టు.

ఆమె అన్నది నిజం. తెలిసి ఉంటే ఆ సైకిల్‌ను వాకిట్లోకి కూడా రానిచ్చేదాన్ని కాదు. ముగ్గురు మనుషులు కలిసి, నా ఓర్వలేనితనం నుంచి నా మొగుడి కాలును దాచిపెట్టారు.

ఫిబ్రవరి 21

తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. మా అత్త ఎవరికీ చెప్పనని అంది. ఈయన పొద్దున సైకిల్ ఎక్కి, రెండు చుట్లు తొక్కి, ఆగి, కిందకు వంగి చూశాడు. టక్ లేదు. నా వైపు తిరిగాడు. నేను దోసె తిరగేస్తూ ఉన్నాను. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి 22

ఈయన మీద కోపం. ఇద్దరూ ఫోన్‌లో నా గురించి మాట్లాడుకున్నారు. "మీ అక్క సంగతి నీకు తెలుసు గదా" అని ఉంటాడు. "తెలుసు బావా" అని ఉంటుంది. నేను ఎట్లాంటిదాన్నో వాళ్లిద్దరికీ తెలుసు, నాకు తెలియదు.

ఫిబ్రవరి 23

కోపం ఆమె మీద. సైకిల్ ఇచ్చినందుకు కాదు. ఇచ్చినట్టు తెలియకూడదని అనుకున్నందుకు. నేనైతే ఇచ్చి ఊరంతా చెప్పి ఉండేదాన్ని. అందంలో గెలిచింది, వంటలో గెలిచింది, అత్త దగ్గర గెలిచింది, ఇప్పుడు ఇందులో కూడా. దేనికి కుళ్లుకోవాలో తెలియకుండా చేసింది.

ఫిబ్రవరి 29

నిమ్మకాయను పారేయలేదు. పెరట్లో రోజా మొక్క మొదట్లో పెట్టి మట్టి కప్పాను. పూజ చేసినది గదా.

మట్టి కప్పే ముందు, తిరిగి సైకిల్‌లో పెట్టేద్దామా అని కూడా ఆలోచించాను. పెడితే టక్ మళ్లీ వస్తుంది, అముద లెక్కలో నాకేమీ తెలియనట్టే ఉంటుంది, అందరూ అట్లాగే నటిస్తూ హాయిగా ఉండొచ్చు. అది ఆమెకు సుఖం, నాకు సుఖం. మధ్యాహ్నమంతా ఆ స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 7

తేరు. వీధంతా జనం. అముద, మరిది, పిల్ల పొద్దున్నే వచ్చారు. మధుమిత హాల్లోకి వచ్చీ రాగానే నోరు తెరిచింది, వాళ్లమ్మ దాని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. పిల్లకు కూడా ముందే చెప్పి తెచ్చినట్టున్నారు. అయినా పిల్ల కళ్లు సైకిల్ మీదే ఉన్నాయి.

తేరు మా వీధి దాటాక అందరూ కూర్చున్నాం. మజ్జిగ ఇచ్చాను. నేనే అన్నాను: "అముదా, మా సైకిల్ ఎక్కి చూడమ్మా, ఎట్లుందో చెప్పు."

ఆమె వద్దులే అక్కా అంది. ఎక్కమన్నాను. ఎక్కింది. సీటు ఎత్తుగా ఉంది. ఆమె చెయ్యి తనంతట తానే కిందకు పోయి, మరను లాగి, పిడికిలితో ఒక గుద్దు గుద్దింది. గుద్దాక గుర్తొచ్చింది. నా వైపు చూడలేదు. మా ఆయన కిటికీ వైపు చూశాడు. మరిది మజ్జిగ గ్లాసు వైపు చూశాడు. మా అత్త ఒక్కతే నన్ను చూస్తోంది.

"బాగుంది అక్కా, మాదాని కన్నా ఇదే మేలు" అని తొక్కడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకు కాళ్లు ఆగిపోయాయి. వినాల్సిన శబ్దం వినలేదు. మళ్లీ మెల్లగా ఒక చుట్టు తిప్పి, చెవి కొంచెం కిందకు వంచి విన్నది. అప్పుడు నన్ను చూసింది. ఆ ముఖంలో భయం ఉంది. ఇన్నేళ్లుగా నేను చూసి కుళ్లుకున్న ముఖంలో నేనంటే భయం ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

"నిమ్మకాయ తీసేసినావా అక్కా?" అంది.

 బయట డప్పులు ఇంకా మోగుతున్నాయి.

"తీసేసినాను" అన్నాను. ఇంకేదో అనాలని నోరు తెరిచాను. థ్యాంక్స్ అనడం మాకు రాదు, మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. "నువ్వు తెచ్చే ముద్ద మెత్తగా ఉంటాది. ఎట్లా కెలుకుతావో నాకు చూపించు" అన్నాను. అదే వచ్చింది.

అముద దిగి వంటింట్లోకి నడిచింది. నేను వెనక పోయాను. ఇద్దరమూ ఒకే గరిటె పట్టుకోలేదు, అట్లాంటివేమీ జరగలేదు. ఆమె రాగిపిండి ఒంపింది, నేను చూశాను. పిండి కొంచెం ఎక్కువ వేస్తావు నువ్వు అంది. తప్పు పట్టింది. నాకు ఎందుకో హాయిగా అనిపించింది.

హాల్లోంచి మా అత్త గొంతు వినిపించింది. పాతది తీసేస్తే కొత్త నిమ్మకాయ పెట్టాలి కదా, ఎవరైనా మార్కెట్టుకు పోండి అంటోంది. వద్దని నలుగురం ఒకేసారి అరిచాం.

మార్చి 9

ఈయన రాత్రి భోజనం దగ్గర, కోపమా అన్నాడు. అవును అన్నాను. ఎవరి మీద అన్నాడు. ఇంకా తేల్చుకోలేదు అన్నాను. పోనీ నేను అడుగుతా, అముద ముద్ద నా ముద్ద కన్నా బాగుంటుందా అన్నాను. ఆయన, బాగుంటాది అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఈ ఇంట్లో ఇక ఎవరూ నాకు అబద్ధం చెప్పడం లేదు. అది కూడా అంత సుఖంగా ఏమీ లేదు.

మార్చి 28

ఈ రోజు షాపులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు కాళ్లూ పూర్తిగా మడిచి. నేను టిఫిన్ తీసుకుని వెళ్లేసరికి బోరు మోటారు ఒడిలో పెట్టుకుని తీగ చుడుతున్నాడు. నన్ను చూసి మోకాలు తట్టి చూపించాడు. ఏడ్చాను. రోడ్డు మీద వాళ్లు చూస్తే చూడనీ.

తర్వాత ఆయన కళ్లు షాపు ఫోన్ వైపు పోవడం చూశాను. ఎవరికి చేయబోతున్నాడో నాకు తెలుసు. మోటారు పక్కన పెట్టి, నేలకు చెయ్యి ఆనించి లేస్తున్నాడు. ఇప్పుడు తొందరగానే లేస్తాడు.

నేను ఇంకా తొందరగా వెళ్లి రిసీవర్ ఎత్తాను. ఆయన కన్నా ముందే అముదకు ఆ మాట నేనే చెప్పాను.